తేలు కుట్టిన బిడ్డ: ఒక బాలుని ప్రశ్నకు సమాధానము

గత వేసవి సెలవులు గడచి పాఠశాల తెఱచిన మొదటి వారమున ఆరవ తరగతి బాలుడొకడు పాఠము ముగిసిన పిదప మాయొద్దకు వచ్చి నిలిచెను. వాని స్వగ్రామము జమ్మలమడుగు ప్రాంతమున నొక చిన్నపల్లె. సెలవులలో వాని చెల్లెలు, నాలుగేండ్ల పసిది, తేలు కుట్టి మరణించినదని మేమంతకు ముందే వినియుంటిమి. ఊరడింపు మాటలకై మేము వెదకికొనుచుండగా వాడే మమ్మడిగెను: “అయ్యవారూ, ఆ తేలు నా చిటికెన వేలంత గూడ లేదు. మండ్రగబ్బ కుట్టినోళ్లు గూడ బతికినారు. అంత చిన్నది మా చెల్లెలిని ఎట్ల చంపింది?”

ఆ దినమున మేము చెప్పినది ఓదార్పేగాని సమాధానము కాదు. దేవుని చిత్తమని యొకమాట యనుట మాబోటివారికి సులభము. కాని ఆ బాలుడడిగినది దేవుని చిత్తమును గూర్చి గాదు, తేలును గూర్చి. ప్రకృతిశాస్త్రము బోధించు పాఠశాలలో నిట్టి ప్రశ్నకు బదులు లేకపోవుట మాకు సిగ్గుగా తోచినది. అటుపిమ్మట వైద్యులైన మిత్రులనడిగియు, గ్రంథములను చూచియు మేము గ్రహించిన దానిని, ఆ బాలుని తల్లిదండ్రుల యనుమతితో, వారి పేరును ఊరును విడిచి, ఇచట వ్రాయుచున్నాము. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నుండి వచ్చు విద్యార్థులలో తేలును చూడనివాడుండడు గనుక నిది యందఱికిని ఉపయోగించునని నమ్ముచున్నాము.

మొదట ఆ రాత్రి జరిగిన దానిని చెప్పవలయును. ఇల్లు మట్టిమిద్దె. ముంగిట గోడ నానించి, వరండాకు పఱచుటకై తెచ్చిన నాపబండలు పేర్చియుండెను. ఉక్కగా నుండుటచే అందఱును ఆరుబయట పండుకొనిరి. రెండవ జామున బిడ్డ కెవ్వుమని లేచినది. తల్లి దీపము తెచ్చి చూచునప్పటికి ఎఱ్ఱని చిన్నతేలు బండల సందులోనికి దూఱుచుండెను. ఊరిలో మంత్రము వేయువానిని లేపిరి. అతడు వేపమండతో దిగదుడిచి, కాలికి గట్టిగా త్రాడు బిగించెను. గంటకంతయు బిడ్డ ఏడుపు మానినది. నొప్పి దిగినదని యందఱును సంతోషించిరి. అంతలో రెండు సార్లు వాంతియైనది, ఒడలెల్ల చెమట పట్టినది. చేతులు చల్లబడినవి. చెమటకు చల్లబడెనని తల్లి దుప్పటి కప్పినది. తెల్లవాఱిన పిమ్మట నొక వైద్యునొద్దకు గొనిపోగా, వాంతులచే నీరసించినదని చెప్పి ఆయన సెలైను సీసాలు ఒకదాని వెంట నొకటి ఎక్కించెను. మధ్యాహ్నమునకు బిడ్డకు ఎగశ్వాస పుట్టినది. పెద్దాసుపత్రికి తీసికొని పోవుచుండగా త్రోవలోనే ప్రాణము పోయినది.

ఇందు పాల్గొన్న వారిలో నెవ్వరును ఆ బిడ్డకు కీడు తలచినవారు గారు. అయినను ప్రతిమెట్టునందును వారు చూచినది ఒకటి, లోపల జరుగుచుండినది వేఱొకటి.

మన ప్రాంతమున సాధారణముగా కనబడు తేళ్లు రెండు విధములు. మండ్రగబ్బ నల్లగా, పెద్దదిగా, లావైన కొండ్లతో చూచుటకే భయము గొల్పునది. ఎఱ్ఱతేలు దానిలో సగముండదు; కొండ్లు సన్నము, తోక బలిసినది. శాస్త్రజ్ఞులు దీనిని హొటెంటొట్టా ట్యాములస్ అని వ్యవహరింతురు. మహారాష్ట్రమునందలి కొంకణసీమ, ఉత్తర కర్ణాటకము, సౌరాష్ట్రము, తమిళదేశము, మన ఆంధ్రదేశము దీని నివాసములు. పిల్లలు మండ్రగబ్బను చూచి పరుగెత్తి, ఎఱ్ఱతేలును పుల్లతో ఆడించుట మేము కన్నులార చూచితిమి. నిజమునకు జరుగవలసినది దీనికి తలక్రిందులు. తన కొండ్లతోనే ఎరను నలుపగల మండ్రగబ్బకు విషముతో పని తక్కువ. సన్నని కొండ్లుగల ఎఱ్ఱతేలునకు విషమే ఆయుధము. కావున ఆకారమునుబట్టి అపాయమును కొలుచుట తేళ్లయెడ చెల్లదు.

ఎఱ్ఱతేలు పగలెల్ల చీకటి సందులలో దాగి, రాత్రివేళ పురుగులను వేటాడును. రాళ్లకుప్పలు, కట్టెలమోపులు, పిడకల దొంతులు, మట్టిగోడల నెఱియలు, విడిచిన చెప్పులు, దండెమున వ్రేలాడు గుడ్డలు దానికి ఇండ్లు. కడపబండకు దేశమెల్ల పేరున్నది. ఎఱ్ఱగుంట్ల చుట్టును గనులలో పనిచేయు కుటుంబములెన్నో. బండను ఎత్తినప్పుడెల్ల దాని క్రిందినేమున్నదో యని చూచుకొనుట ఆ పనివారికి వెన్నతో పెట్టిన విద్య. వారి పసిపిల్లలకు ఆ విద్య ఇంకను రాలేదు.

ఇక విషము చేయు పని. మన నరములలో వార్త ప్రయాణము చేయుట సోడియమను ధాతువుయొక్క సూక్ష్మకణములు నరపు గోడలోని సన్నని ద్వారములగుండ లోనికి వచ్చుటవలన జరుగును. ఈ ద్వారములు చెఱువు తూములవంటివి. తెఱచుకొని, వెంటనే మూసికొనవలయును. మూసికొన్నప్పుడే నరము విశ్రమించి మరల నింకొక వార్తకు సిద్ధమగును. ఎఱ్ఱతేలు విషము ఈ తూములను మూసికొననీయదు. తెఱచిన తూముగుండ నీరు ఆగక పాఱినట్లు, నరము ఎడతెగక వార్తలను పంపుచునే యుండును. గుండెను, రక్తనాళములను, చెమటను, జీర్ణకోశమును మన యెఱుక లేకయే నడపు నరములన్నియు ఒక్కపెట్టున రేగును.

ఈ తుఫాను రెండు ఘట్టములుగా వచ్చును. మొదట వాంతులు, నోట చొంగ, ధారగా చెమట. తరువాత కొన్ని గంటలలో అసలైన అపాయము. భయపడినప్పుడును పరుగెత్తునప్పుడును శరీరము విడుదల చేయు అడ్రినలిను మొదలగు రసములు ప్రవాహముగా వెలువడును. వానివలన చేతులయొక్కయు కాళ్లయొక్కయు రక్తనాళములు బిగిసి ముడుచుకొనును. అందుచేతనే చేతులు చల్లబడును. రక్తపు పోటు మితిమీఱును. ఇరుకైన గొట్టములలోనికి రక్తమును నెట్టలేక గుండె అలసిపోవును. గుండె నెట్టలేని రక్తము వెనుకకు ఊపిరితిత్తులలో నిలిచి, దానిలోని నీరు గాలిగదులలోనికి ఊరును. దగ్గు, ఎగశ్వాస, నోట నురుగు, కొన్ని సమయములందు ఎఱ్ఱని నురుగు. తేలుకాటున మరణించువారు విషము నెత్తికెక్కి మరణింపరు. తమ యూపిరితిత్తులలోని నీటిలో తామే మునిగి మరణింతురు.

ఇప్పుడా రాత్రిని మరల తలచుకొనుడు. ఏడుపు మానుట శుభమని వారనుకొనిరి. ఎఱ్ఱతేలు విషము ఒడలంతయు ప్రాకినవారికి కుట్టినచోట నొప్పి అల్పముగా నుండుట కలదు. చికిత్స జరిగి చేతులు వెచ్చబడి కోలుకొనుచున్నప్పుడు ఆ నొప్పి మరల తెలియవచ్చునని అనుభవజ్ఞులు చెప్పుచున్నారు. కావున కుట్టినచోట భగ్గున మండుచు, ఒడలు వెచ్చగా నుండిన బిడ్డకంటె, నొప్పిలేక చల్లబడి చెమర్చిన బిడ్డయే ఎక్కువ యపాయములో నున్నది. చల్లని చేతులు చెమటవలన కలిగినవి గావు, నాళములు ముడుచుకొనుటవలన కలిగినవి. ఇక సెలైను మాట. వాంతులచేతను చెమటచేతను నీరు తగ్గినది నిజమే. కాని నాళములు బిగిసి, గుండె మునుపే తడబడుచున్నవేళ సీసాలకొలది నీటిని నేరుగా నెత్తుటిలోనికి పోయుట, నిండిన చెఱువునకు వాగును మళ్లించుటయే యగును.

పెద్దవారికంటె పిల్లల కెక్కువ ముప్పు ఏల? తేలు తాను కుట్టునది అఱువది కిలోల రైతునా, పండ్రెండు కిలోల బిడ్డనా యని చూచి విషమును కొలిచి విడువదు. అదే విషపుబొట్టు బిడ్డ శరీరమున అయిదింతలు చిక్కనగును. అంతేగాక, పసిబిడ్డ తనకేమగుచున్నదో చెప్పలేదు. గుండె దడదడలాడుచున్నదనిగాని, ఊపిరి చాలలేదనిగాని పెద్దవాడు చెప్పును. బిడ్డ కేవలము విసుగుకొని తల త్రిప్పుకొనును. బిడ్డ శరీరము చాలసేపు ఓర్చుకొని, పిదప నొక్కసారిగా కూలును. నిలకడగా నున్నట్లే కనబడి అంతలో చేయిదాటిపోవుట శిశువైద్యులందఱు ఎఱిగిన సంగతి.

ఈ సంగతులలో ముఖ్యమైనవి మనకు తెలియవచ్చుటకు కారణభూతులలో ప్రథమగణ్యుడొక గ్రామవైద్యుడు. ఆయన పేరు హిమ్మత్‌రావు బావస్కరు. మన తెలుగువారు కారు; మహారాష్ట్రమున జాల్నా జిల్లాలోని దేహెడ్ అను పల్లెలో 1951వ సంవత్సరమున పేదకుటుంబమున జన్మించిరి. కష్టపడి చదివి నాగపురమున వైద్యపట్టమును పొంది, 1976లో కొంకణసీమయందలి మహాడ్ పట్టణమునకు దాపుననున్న బిర్వాడి యను గ్రామపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వైద్యులుగా చేరిరి. అది కొండలును అడవియుగల వానసీమ. మన రేనాటి గరిసెలకును దానికిని పోలికయే లేదు. అయినను ఎఱ్ఱతేలు మాత్రము రెండు చోటులను ఒక్కటే.

ఆ కేంద్రమునకు తేలు కుట్టిన పిల్లలను తెచ్చుచుండిరి. పుస్తకములలో చెప్పిన మందులెల్ల ఇచ్చినను తీవ్రముగా విషమెక్కినవారిలో నూటికి ముప్పది నలుబది మంది చనిపోవుచుండిరి. నిద్రమందుల మిశ్రమములు, అట్రోపిను, స్టిరాయిడులు మొదలగునవి వాడుకలోనుండెను. వీనిలో కొన్ని వ్యర్థములనియు, కొన్ని కీడు చేయునవియే యనియు తరువాత తేలినది. పైయధికారులకు వ్రాసి ఊరకుండుట ఆ యువవైద్యునకు సాధ్యమైన మార్గమే. ఆయన అట్లు చేయక, రాత్రులు రోగి ప్రక్కన కూర్చుండి, గంటగంటకును నాడిని, రక్తపు పోటును, శ్వాసను, చేతుల వెచ్చదనమును పుస్తకమున వ్రాసికొన నారంభించిరి. పరిశోధనయనగా గాజుకుప్పెలతో నిండిన పెద్దభవనములలో జరుగునదని మన విద్యార్థులు తలంతురు. ఈ పరిశోధనకు కావలసివచ్చినవి ఒక గడియారము, ఒక రక్తపు పోటు యంత్రము, ఒక నోటుపుస్తకము, నిద్రమాలిన రాత్రులు.

అట్లు వ్రాసికొన్న దానినిబట్టియే ఆయనకు తెలిసినదేమన, మరణించువారందఱును ఊపిరితిత్తులలో నీరు చేరియే మరణించుచున్నారనియు, దానికి ముందుగా కనబడు గుర్తులు కలవనియు. వాంతి, ధారగా చెమట, చల్లని చేతులు మొదలగు నీ ముందు గుర్తులను గూర్చి ఆయన వ్రాసిన పత్రమును లండనులోని ‘లాన్సెట్’ పత్రిక 1982లో ప్రకటించినది. పల్లెటూరి వైద్యుని పత్రమును అట్టి పత్రిక స్వీకరించుట సామాన్యము కాదు. పూనాలో ఉన్నత వైద్యవిద్య ముగించిన పిమ్మటను ఆయన నగరమున నిలువక మహాడుకే తిరిగివచ్చిరి. రోగులచటనే యుండిరి గదా. ఆయన భార్య ప్రమోదినిగారును వైద్యులే. పరిశోధనలలో నిరువురి పేర్లును కలిసియే కనబడును.

గుర్తులు తెలిసినవి, మందో? ముడుచుకొనిన నాళములను సడలించినచో గుండెకు బరువు తగ్గవలెనని ఆయన ఆలోచించిరి. సోడియము నైట్రోప్రస్సైడను మందు నాళములను సడలించును; కాని దానిని సూదిద్వారా బొట్టుబొట్టుగా, ఎడతెగని కాపలాతో నీయవలయును. ఊపిరాడక కొనయూపిరితో నున్న యొక బాలునకు దానినిచ్చి ఆయన బ్రతికించిరి. ఐనను పల్లెలలో నిట్టి మందు నిలువదు. అదే పనిని నోటిద్వారా చేయు మాత్ర యేదని వెదకగా, రక్తపు పోటునకు వాడు ప్రజోసిను అను చవుక మాత్ర దొరకినది. తేలువిషమువలన వెలువడు అడ్రినలిను నాళములను ఏ స్థానమున పట్టుకొని బిగించునో, సరిగా ఆ స్థానమునే ప్రజోసిను అడ్డగించును. తాళపుచెవి తిరుగకుండ తాళములో మైనము క్రూరినట్లని చెప్పవచ్చును. దీని ఫలితములను 1986లో మరల ‘లాన్సెట్’లోనే ప్రకటించిరి. ఈ మాత్రను వేళకిచ్చిన పిమ్మట మరణములు నూటికి ఒకటి ప్రాంతమునకు దిగివచ్చెను. దానికి కావలసిన మోతాదు బిడ్డ బరువున కిలోకు 30 మైక్రోగ్రాములు. అనగా గ్రాములో పదిలక్షలవ వంతులు ముప్పది. (తల్లిదండ్రులు దీనిని చదివి ఇంటిలో మాత్ర విఱిచి పెట్టరాదు. రక్తపు పోటు ఒక్కసారిగా పడిపోవచ్చును. బిడ్డను పండుకొనబెట్టి కనిపెట్టియుండు వైద్యుడే దీని నీయవలయును.)

ఆయన అంతటితో తృప్తిపడలేదు. ఎఱ్ఱతేలు విషమునకు విరుగుడు సీరము తయారైన పిమ్మట, తన ప్రజోసినుకంటె అది మేలా యని తానే పరీక్షించిరి. తన మందునకు పోటీని తానే తెచ్చిపెట్టుకొనువారు లోకమున అరుదు. 70 మంది రోగులను రెండు పక్షములు చేసి, 35 మందికి ప్రజోసిను మాత్రమును, 35 మందికి ప్రజోసినుతో సీరమును ఇచ్చిరి. ఎవరికేది యన్నది వైద్యుని ఇష్టమునుబట్టి కాక, చీట్లు తీసినట్లు నిర్ణయమగును. లేనిచో వైద్యుడు తనకు తెలియకయే బాగుపడునట్లున్న వారికి తనకిష్టమైన మందు నిచ్చును. పది గంటలు గడచునప్పటికి సీరము పొందిన వారిలో 32 మంది పూర్తిగా కోలుకొనిరి. ప్రజోసిను మాత్రమే పొందిన వారిలో 8 మంది. 2011లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ దీనిని ప్రకటించినది. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగినది.

పిల్లల ఆపద్వైద్యము వేఱొక శాస్త్రముగా నేర్పడి యెంతోకాలము కాలేదు. అమెరికాలో 1980 ప్రాంతమున దానికై ప్రత్యేక శిక్షణ మొదలైనది. 1992లో మొదటి పట్టపరీక్ష జరిగినది. అంతకు పూర్వము ఆసుపత్రికి రాత్రివేళ వచ్చిన బిడ్డను పెద్దవారిని చూచు వైద్యుడే, బిడ్డ యనగా చిన్న పెద్దవాడే యన్నట్లు చూచుచుండెను. మోతాదులన్నియు బరువునుబట్టి యీయవలసినవి. కాని ఊపిరాడని బిడ్డను తక్కెడలో కూర్చుండబెట్టి తూచువేళ యేది? బ్రోస్లో యను వైద్యుడు దీనికి రంగులు వేసిన కొలత పట్టీ నొకదానిని కల్పించెను. బిడ్డ ప్రక్కన పఱచిన చాలును. పొడవునుబట్టి బరువును, బరువునుబట్టి మోతాదును ఆ రంగే చెప్పును. మెచ్చదగిన యుక్తి. ఐతే మన దేశపు పిల్లలలో కొంచెము పెద్దవారి విషయమున ఆ పట్టీ అసలు బరువుకంటె నెక్కువ చూపుచున్నదని ఇచటి వైద్యులు పరీక్షించి చెప్పిరి. పరదేశపు కొలతను మన బిడ్డలకు వాడుటకు ముందు మన బిడ్డలనే కొలిచి చూడవలెను గదా.

ఆఫ్రికాఖండమున మలావి దేశములోని బ్లాంటయిరు పట్టణమున ఎలిజబెత్ మోలినో యను వైద్యురాలు చేసిన పని మాకు మఱింత ప్రియమైనది. అచటి పెద్దాసుపత్రిలో బిడ్డలు వరుసలో తమ వంతుకై కనిపెట్టుచునే తల్లుల యొడిలో మరణించుచుండిరి. ఆమె క్రొత్త మందేదియు తేలేదు. వరుసను మార్చినది. వచ్చిన ప్రతిబిడ్డను వాకిటనే ఒక్క క్షణము చూచి, ఊపిరి కష్టమైనదానిని, చేతులు చల్లబడినదానిని, స్మృతి తప్పినదానిని, మూర్ఛ వచ్చినదానిని ముందు లోనికి పంపు పద్ధతిని పెట్టినది. మరణములు ఇంచుమించు సగమునకు తగ్గినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని బోధించుటకై 2005లో గ్రంథమును ప్రకటించినది. ఆ పిల్లల చల్లని చేతులను చూచు నేర్పును గూర్చి చదివినప్పుడు మాకు జమ్మలమడుగు పల్లెలోని ఆ దుప్పటి జ్ఞప్తికి వచ్చినది.

సెలైను సంగతి యింకొక ఆశ్చర్యము. తీవ్రమైన జ్వరముతో చేతులు చల్లబడి వచ్చిన బిడ్డకు వెంటనే నెత్తుటిలోనికి నీటిని వేగముగా నెక్కించవలెనని లోకమంతట నియమముండెను. ఉగాండా, కెన్యా, టాంజానియా దేశములలో 3,141 మంది పిల్లలపై ఆ నియమమును పరీక్షించి 2011లో ఫలితమును ప్రకటించిరి. వేగముగా నీటినెక్కించిన రెండు పక్షములలో రెండు దినములలోపల నూటికి 10.6, 10.5 చొప్పునను, ఎక్కించని పక్షమున 7.3 చొప్పునను మరణించిరి. సదుద్దేశముతో చేయు చికిత్సయే నూటికి ముగ్గురిని అదనముగా బలిగొనుచుండినదన్నమాట. ఆ పిల్లలకు వచ్చినది తేలుకాటు కాదు. ఆ లెక్కను దీనికి నేరుగా అన్వయింపరాదు. మన బిడ్డకు సీసాలెక్కించిన ఆ వైద్యుడు ఒంటరిగా పొరబడినవాడు కాడనుటకు మాత్ర మిది చాలును. పిల్లవాని తండ్రి ఇంకను ఆయనపై కోపముతో నున్నాడు. ఆ కోపము న్యాయమైనదే యైనను, మంత్రమునకు పోయిన మూడు గంటల లెక్క ఇంటివారి పద్దుననే వ్రాయవలసియున్నది.

మన సీమకు వైద్యము క్రొత్త కాదు. లండను మిషను వారు పందొమ్మిదవ శతాబ్ది యంత్యమున పంపిన డాక్టరు కాంప్‌బెల్ పేరను జమ్మలమడుగు ఆసుపత్రి నేటికిని నిలిచియున్నది. ఎడ్లబండ్లపై రెండు దినముల ప్రయాణము చేసి ప్రసవములకును పుండ్లకును అచటికి వచ్చినవారి కథలు మన ముసలమ్మల నోట వినవచ్చును. ఆ యాసుపత్రిలోనే కొంతకాలము వైద్యాధికారిగా పనిచేసిన యువకుడొకడు 1973లో పులివెందులలో తన తండ్రి రాజారెడ్డిగారి పేర 70 పడకల ధర్మాసుపత్రిని తెఱచెను. ఆయనే తరువాత ముఖ్యమంత్రియైన వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు. రాజకీయములు ఈ సంచికకు వలదు గాని, 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన 108 బండ్లు రాష్ట్రమంతట వ్యాపించినది ఆ వైద్యుని పరిపాలనాకాలముననే యని చెప్పకతప్పదు. రెండు దినముల బండిప్రయాణము నేడొక గంటలోపలికి వచ్చినది. జమ్మలమడుగు నుండి ప్రొద్దుటూరునకు సుమారు 20 కిలోమీటర్లు. పులివెందుల నుండి కడపకు సుమారు 70. దారి దగ్గఱైనది. బయలుదేరు గడియయే ఆలస్యమగుచున్నది.

కావున తేలు కుట్టిన బిడ్డవిషయమున చేయవలసినదేమో స్పష్టముగా వ్రాయుచున్నాము. కుట్టినచోట కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడు బిగింపరాదు. బిడ్డను నడిపింపక ఎత్తుకొని పోవలయును. ఎంతసేపటి క్రితము కుట్టినది, ఎన్ని వాంతులైనవి యన్నది కాగితముపై వ్రాసికొని వైద్యునకు చూపుట మేలు. కుట్టినది ఎఱ్ఱతేలైనను, తెలియకున్నను, ఆఱేండ్లలోపు బిడ్డయైనచో గుర్తులకై కనిపెట్టక వెంటనే 108కి ఫోను చేయవలయును. అరికాళ్లును అరచేతులును తాకి చూడుడు. చల్లగానుండి చెమర్చినచో ఒక్కనిమిషమైన నిలువరాదు. ఏడుపు మానెనని నమ్మరాదు. మంత్రము వేయువారిని నిందించుట మా యుద్దేశము కాదు. తేలు కుట్టిన పదిమందిలో ఎక్కువమంది ఏ చికిత్సయు లేకయే కోలుకొందురు గనుక మంత్రమునకు కీర్తి నిలిచియున్నది. ఆ మిగిలిన బిడ్డ యెవరో ముందుగా తెలియదు. మా వైద్యమిత్రుడు చెప్పిన యుపాయము మాకు నచ్చినది: మంత్రము వేయువానిని కూడ బండి ఎక్కించుకొని పొండు, త్రోవలో వేయనిండు.

ఇండ్లలో చేయదగిన పనులును కొన్ని కలవు. పండుకొను మంచము గోడకు తగులరాదు. చెప్పులు దులిపి తొడుగుకొనవలయును. బండలును కట్టెలును పడకలకు దూరముగా పేర్చవలయును. గోడ నెఱియలు పూడ్పించవలయును. ఇవి యెల్లరు ఎఱిగినవే. ఎఱుగని దింకొకటి కలదు. తేలు ఒడలిపై పెంకు, అతినీలలోహిత కాంతి పడినప్పుడు చీకటిలో పచ్చగా మెఱయును. ఇప్పుడే కుబుసము విడిచిన తేలుతప్ప తక్కినవన్నియు మెఱయును. ఈ కాంతినిచ్చు చేతిదీపములు బజారులో దొరకుచున్నవి. దొంగనోట్లు పరీక్షించుటకు అంగళ్లలో వాడునవే.

మా శాస్త్రోపాధ్యాయుడు అట్టి దీపము నొకదానిని గత కార్తికమాసమున కొనితెచ్చెను. ఒక అమావాస్య రాత్రి వసతిగృహపు బాలురు పదునార్గురిని వెంటబెట్టుకొని, అందఱి కాళ్లకు బూట్లు తొడిగించి, వంటశాల వెనుకనున్న రాతిగోడ వెంబడి నడిచితిమి. మొదట నేమియు కనబడలేదు. గోడ మలుపున, కట్టెల మోపునకు మూరెడు ఎత్తున, పచ్చని నక్షత్రమువలె నొకటి వెలిగెను. అటుపిమ్మట మఱియొకటి. వంటవాడు ప్రతిదినము తెల్లవాఱుజామున చేయిపెట్టి కట్టె తీయుచోటనే రెండు. వీపుపై పిల్లలను మోయుచున్న తల్లితేలు నొకదానిని కూడ చూచితిమి. అందఱు పిల్లలును ఒకరినొకరు నెట్టుకొని చూచిరి. తేళ్లను లెక్కపెట్టి వ్రాయు పని ఆ ఆరవ తరగతి బాలునకు అప్పగించితిమి. వాడే అడిగి తీసికొనెను. ఎక్కడ, నేలకెంత యెత్తున, ఎఱ్ఱదా నల్లదా యని మూడు గడులు గీసి, ప్రతిదానిని తన చిటికెన వ్రేలితో పోల్చి, అంతకంటె చిన్నదా పెద్దదా యని నాలుగవ గడిలో వ్రాసెను. ఆ రాత్రి లెక్క పదునాలుగు. వానిలో తొమ్మిది ఎఱ్ఱవి. మఱునాడే కట్టెలమోపును గోడకు దూరముగా, ఆటస్థలపు మూలకు మార్పించితిమి. సంక్రాంతి సెలవులకు వాడు ఆ దీపమును అడిగి ఇంటికి తీసికొనిపోయి, తమ ముంగిటి నాపబండలు తీయించుటకు ముందు మూడు రాత్రులు లెక్కవ్రాసి, నోటుపుస్తకమును తెచ్చి మా బల్లపై పెట్టెను.